పదిలోంచి ఎంత పోయింది?

బరువులెత్తే ఆట గురించి మన గంజాం వైపు వాళ్లకి కొత్తగా చెప్పేదేముంది! 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన రవికుమార్ బరంపురం కుర్రాడే. ఇచ్ఛాపురం దాటి ఇంకా దక్షిణానికి పోతే ఆమదాలవలస. అక్కడి అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆ 240 దగ్గర ఎవరికీ తగువు లేదు. ఇనుప పళ్లేల మీద అంకె రాసే ఉంటుంది. ముగ్గురు రిఫరీలు తేల్చవలసింది ఒక్కటే, ఎత్తు చెల్లిందా లేదా అని. తెల్లదీపమో ఎర్రదీపమో వెలుగుతుంది, పని అయిపోతుంది. "ఫరవాలేదు, కాస్త బాగానే ఎత్తింది" అనే మాటకి అక్కడ చోటు లేదు.

ఇవాళ నేను చెప్పబోయే ఆటలో అలాంటి అంకె ఏదీ ఉండదు. నేల మీద ఒక మనిషి చేతిలో ట్రాన్స్‌మిటర్ పట్టుకుని నిలబడతాడు. ఆకాశంలో అతని చిన్న విమానం లూపులు కొడుతుంది, తిరగబడి ఎగురుతుంది, నిట్టనిలువుగా లేచి ఆగి మళ్లీ అదే దారిన దిగుతుంది. ఎవరిది ఎక్కువ వేగం అన్నది లెక్కలోకి రాదు. ఎవరిది ఎక్కువ ఎత్తు, ఎవరు ఎక్కువసేపు ఎగిరారు, ఇవీ రావు. విమానం గాలిలో గీసిన గీత ఎంత చక్కగా ఉందో చూస్తారు, దానికి మార్కు వేస్తారు. ఇక్కడే అసలు చిక్కు. చక్కదనానికి మార్కు వెయ్యడం ఎలా? వేసిన మార్కుని ఓడిపోయినవాడు కూడా సరేననేలా వెయ్యడం ఎలా?

ఈ ఆటకి అంతర్జాతీయంగా ఎఫ్3ఎ అని పేరు. 1905లో ఏర్పడిన అంతర్జాతీయ విమాన క్రీడా సమాఖ్య, ఎఫ్.ఎ.ఐ., దీని నియమాలు రాస్తుంది. మొదటి ప్రపంచ పోటీ 1960లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెండార్ఫ్‌లో జరిగింది. అమెరికాకి చెందిన ఎడ్ కాజ్మిర్‌స్కీ గెలిచాడు. ఆయన విమానం పేరు ఒరైయన్.

ఆ రోజుల రేడియో గురించి ఒక ముక్క చెప్పాలి. వింటున్నది రేడియోలోనే కాబట్టి మీకు సరదాగా ఉంటుంది. అప్పటి రిసీవర్‌లో సన్నని ఉక్కు రీడ్లు వరసగా ఉండేవి, మన హార్మోనియం పెట్టెలో ఉన్నట్టే, ఒక్కొక్కటి ఒక్కో పొడవు. కింది నుంచి పైలట్ ఒక మీట నొక్కితే ఒక స్వరం వెళ్లేది. ఆ స్వరానికి సరిపడే రీడ్ ఒక్కటే కంపించేది, కరెంటు కలిసేది, విమానం చుక్కాని తిరిగేది. తిరిగితే పూర్తిగా తిరిగేది, లేకపోతే లేదు. కొంచెంగా తిప్పడం అనేదే లేదు. అంటే 1960లో గుండ్రటి లూపు గియ్యాలంటే మీటని టకటకా నొక్కుతూ వదులుతూ గీశారన్నమాట! అప్పటి జడ్జీలు లూపు గుండ్రంగా ఉందా అని ఎంత నిక్కచ్చిగా చూసి ఉంటారో మీరే ఊహించండి. తర్వాత వేలు ఎంత కదిపితే చుక్కాని అంతే కదిలే ప్రొపోర్షనల్ రేడియోలు వచ్చాయి. చేతికి సున్నితం రాగానే జడ్జీ కంటికి కూడా పదును పెట్టుకోక తప్పలేదు.

ఇప్పటి విమానం రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి 2 మీటర్లు మించకూడదు, ముక్కు నుంచి తోక దాకా కూడా 2 మీటర్లే. బరువు హద్దు చాలా ఏళ్లుగా 5 కిలోలు. బ్యాటరీతో నడిచేదైతే వోల్టేజీ 42.56 దాటకూడదు. ఈ కొలతలన్నీ టేపుతో, కాటాతో, మీటరుతో తేలిపోయేవి. కంటితో తేలవలసినవి ఆ తర్వాత మొదలవుతాయి.

మన పాత్రపూర్ పక్కన వరి కోసేసిన పొలం ఒకటి తీసుకుందాం. పడమటివైపు మహేంద్రగిరి కొండల వరస, తూర్పున ఎక్కడో సముద్రం. ఎండ కంట్లో పడకుండా ఉత్తరానికి ముఖం పెట్టి పైలట్‌ని నిలబెడదాం. అతని పక్కన ఒక సహాయకుడు ఉంటాడు; తర్వాతి విన్యాసం ఏమిటో చెవిలో చెబుతుంటాడు. వాళ్ల వెనక కాస్త ఎడంగా కుర్చీల్లో జడ్జీలు, సాధారణంగా ఐదుగురు. పైలట్‌కి ఎదురుగా 150 మీటర్ల దూరంలో ఒక కర్ర పాతాం. విమానం ఆ దూరంలోనే, అడ్డంగా, ఎడమ నుంచి కుడికీ కుడి నుంచి ఎడమకీ ఎగరాలి. ఆ కర్ర నుంచి ఎడమకి 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు హద్దు; పైకి కూడా 60 డిగ్రీలే. కనిపించని గోడలతో ఆకాశంలో కట్టిన ఈ గదికి బాక్స్ అని పేరు. లెక్క కట్టి చూస్తే 150 మీటర్ల దగ్గర ఆ గది వెడల్పు 500 మీటర్ల పైచిలుకు, ఎత్తు సుమారు 260 మీటర్లు.

ఆ ఎత్తు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే వింటున్న కుర్రాళ్లు రేపే పొలంలోకి దిగిపోతారేమోనని నా భయం. మన దేశంలో 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో అనుమతి లేకుండా ఎగరెయ్యగలిగేది 400 అడుగుల దాకానే, అంటే 120 మీటర్లు. పోటీ బాక్స్ దానికి రెట్టింపు దాటుతుంది. పైగా మనకి ఒక పక్క రంగేయిలుండ ఎయిర్‌స్ట్రిప్, ఇంకో పక్క గోపాలపూర్ దగ్గర సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉన్నాయి. ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా, అడగవలసిన వారిని అడగకుండా విమానం పైకి లేపకండి. సరే, మన పొలంలోకి మళ్లీ వద్దాం. ఇది ఊహలోని పొలమే కదా, అనుమతి వచ్చేసిందనుకుందాం.

150 మీటర్ల దూరంలో 2 మీటర్ల విమానం ఎంత కనిపిస్తుంది? నిండు చందమామ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు, అంతే. దాని ముక్కు కొంచెం పైకి లేచిందా, రెక్క కొంచెం వాలిందా అని ఆ ముక్కలో పోల్చుకోవాలి. అందుకే దూరానికి కూడా నియమం పెట్టారు. విమానం 175 మీటర్లు దాటి పోతే మార్కు పోతుంది. దూరం పోతే ఏమిటి నష్టం అంటారేమో. నష్టం కాదు, లాభం, పైలట్‌కి. దూరంగా పోయేకొద్దీ వంకరలు చిన్నవిగా కనిపిస్తాయి. నిదానంగా, నాజూకుగా ఎగురుతున్నట్టు భ్రమ కలుగుతుంది. తప్పుని దాచుకునే తెలివి ఆటగాడికి ఎప్పుడూ ఉంటుంది, దాన్ని పట్టుకునే నియమం నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఏ ఆట పుస్తకం తిరగేసినా ఇదే కథ.

ఇప్పుడు మార్కు సంగతి. జడ్జీ సున్నా దగ్గర మొదలుపెట్టి "ఇది బాగుంది, ఒకటి; అది బాగుంది, ఇంకొకటి" అని కూడుకుంటూ పోడు. విన్యాసం మొదలయ్యే క్షణాన పైలట్ చేతిలో పదికి పది ఉంటాయి. తప్పు కనిపించినప్పుడల్లా అందులోంచి కోసుకుంటూ పోతాడు. చివర మిగిలిందే మార్కు. నిండు మార్కులో లెక్క తేలకపోతే అర మార్కు. ఈ పద్ధతిలో గొప్ప సుఖం ఉంది. ప్రతి కోతకీ కారణం ఉండాలి. "ఎందుకో నచ్చలేదండీ" అంటే కుదరదు. ఏ తప్పుకి ఎంత కొయ్యాలో కూడా రాసి పెట్టారు. అందులో అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం పదిహేను డిగ్రీలకి ఒక మార్కు. లంబకోణంలో ఆరో వంతు తప్పితే ఒక మార్కు పోయింది. అందులో సగం తప్పితే అర మార్కు. నిలువు గీత నిలువుగా లేకపోయినా, అడ్డ గీత అడ్డంగా లేకపోయినా, రోల్, అంటే ముందుకు పోతూనే తన చుట్టూ తాను తిరగడం, పూర్తయ్యాక రెక్కలు సమంగా ఆగకపోయినా ఇదే కొలబద్ద. అందులోనూ దారి వంకర పోవడాన్ని, విమానం కాస్త ఒరగడం కంటే ఎక్కువ కచ్చితంగా పట్టుకోమంటారు.

జడ్జీ చూడవలసినవి నాలుగు, వాటికి వరస కూడా ఉంది. అన్నిటికంటే ముందు రేఖాగణితం: గుండ్రం గుండ్రంగా ఉందా, నిలువు నిలువుగా ఉందా. తర్వాత నడక: కుదుపు లేకుండా, వేగం ఎగుడుదిగుడు కాకుండా సాగిందా. ఆ తర్వాత చోటు: బాక్స్‌లో ఉండవలసిన చోటే జరిగిందా, నడిమి విన్యాసం నడిమి కర్రకి సరిగ్గా ఎదురుగా వచ్చిందా. చివరిది పరిమాణం: గదికి తగినంత ఉందా, మిగతా విన్యాసాలతో పొంతన కుదిరిందా. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది మాత్రం వీటిలో దేనికీ కాదు! నేలకి ఆనుకుని దూసుకుపోతే కొడతారు, పొగ వదిలితే కొడతారు. 2022లో భువనేశ్వర్ కువాఖాయి ఒడ్డున వాయుసేన సూర్యకిరణ్ దళం ఎగిరినప్పుడు వెళ్లినవాళ్లు మీలో ఉండే ఉంటారు. డిసెంబరు 4న నేవీ డే నాడు విశాఖ బీచ్‌లో నిలబడి చూసినవాళ్లూ ఉంటారు. అది ప్రదర్శన. చూసి ఒళ్లు గగుర్పొడవడానికి చేసేది. పోటీలో జడ్జీకి ఒళ్లు గగుర్పొడిస్తే ఆ రెండు సెకన్లలో ఒక తప్పు జారిపోతుంది.

ఇక గాలి. మన గంజాం వైపు మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి ఎలా తోస్తుందో మీకు తెలుసు. విమానం పక్కగాలిలో నేరుగా పోవాలంటే ముక్కుని గాలివైపు కాస్త తిప్పి పెట్టుకోవాలి. దాని ఒళ్లు ఒక దిక్కు చూస్తుంటుంది, నడక ఇంకో దిక్కుకి ఉంటుంది. కొత్తవాడు చూస్తే విమానం వంకరగా పోతోందంటాడు. జడ్జీ అలా అనకూడదు. అతను చూడవలసింది విమానం మధ్య బిందువు ఏ దారిన పోయిందన్నది; ముక్కు ఎటు చూస్తోందన్నది కాదు. నిలువు గీత గీస్తున్నప్పుడూ అంతే. ఎదురుగాలిలో పైకి లేచే విమానం ముక్కుని గాలిలోకి కొంచెం వాల్చి పట్టుకుంటేనే దాని దారి నిట్టనిలువుగా వస్తుంది. ముక్కుని నిలువుగా పెట్టి ఊరుకుంటే గాలి దాన్ని తోసుకుపోతుంది, గీత ఏటవాలవుతుంది. చూడడానికి ముచ్చటగా నిటారుగా ఉన్న విమానానికి మార్కు తెగుతుంది, వాలినట్టు కనిపించే దానికి నిండు మార్కు వస్తుంది. నా లెక్కన జడ్జీ పనిలో సగం ఇదే: విమానం మీంచి చూపు తీసేసి, అది వెనక వదిలిన గీత మీద చూపు నిలపడం. ఆ గీత గాలిలో ఉండదు, జడ్జీ తలలోనే ఉంటుంది.

గాలి బాగా ఉంది కాబట్టి రెండు మార్కులు వదిలేద్దామా? వీల్లేదు. గాలిని సర్దుకోవడం పైలట్ పని. నాకు మొదట్లో ఇది కఠినంగా అనిపించేది. పొద్దున్నే నిశ్చలంగా ఉన్నప్పుడు ఎగిరినవాడికీ, మధ్యాహ్నం గాలిలో ఎగిరినవాడికీ ఒకే త్రాసేమిటి అని. కానీ ఆలోచిస్తే, గాలికి మినహాయింపు ఇవ్వాలంటే ఎంత గాలికి ఎంత అని తేల్చాలి. అది మొదలుపెడితే పదిహేను డిగ్రీల సూత్రం కాస్తా బేరసారాల్లోకి దిగుతుంది. అదృష్టాన్ని జడ్జీ సరిదిద్దకూడదు. దానికి పలు రౌండ్లున్నాయి, ఒక రౌండులో ముందు ఎగిరినవాడు ఇంకో రౌండులో వెనక ఎగురుతాడు.

ఒక విన్యాసాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు స్టాల్ టర్న్, పైకి వెళ్లేటప్పుడు ఒక అర రోల్, దిగేటప్పుడు ఒక అర రోల్. కళ్లు మూసుకుని వినండి.

విమానం ఎడమ నుంచి అడ్డంగా వస్తోంది. జడ్జీ అప్పుడే చూడడం మొదలుపెట్టాడు, ఎందుకంటే ప్రతి విన్యాసమూ సమంగా ఉన్న ఒక అడ్డగీతతో మొదలై అలాంటి గీతతోనే ముగియాలి. రెండు విన్యాసాల మధ్య ఆ గీత లేకపోతే రెండింటికీ కోతే. విమానం పైకి మలుపు తిరిగింది: లూపులో పావు వంతు. దాని వ్యాసార్ధం ఎంతో జడ్జీ గుర్తుపెట్టుకున్నాడు, చివర దిగేటప్పుడు తిరిగే మలుపు కూడా అంతే ఉండాలి. ఇప్పుడు నిట్టనిలువు. కొంత దూరం గీత... అర రోల్... మళ్లీ కొంత గీత. రోల్‌కి ముందున్న గీత, తర్వాత ఉన్న గీత ఒకే పొడవుండాలి. ఇక్కడ కళ్లు మోసపోతాయి. పైకి వెళ్లేకొద్దీ విమానం నెమ్మదిస్తుంది, అంచేత పై గీతకి ఎక్కువ సమయం పడుతుంది. సమయాన్ని బట్టి చూస్తే రెండూ సమానంగా అనిపించినప్పుడు పొడవులో పై గీత పొట్టిదై ఉంటుంది. జడ్జీ అంకెలు లెక్కపెడుతూ కూర్చోకూడదు, పొడవునే చూడాలి. కొంచెం తేడా ఉందనుకోండి, ఒక మార్కు. ఒక పక్క గీత అసలు లేనే లేదనుకోండి, మూడు.

పైన విమానం దాదాపు ఆగింది. చుక్కాని నొక్కగానే ఉన్నచోటే గిర్రున పక్కకి తిరిగి ముక్కు కిందికి రావాలి. తిరగకుండా వంతెన వేసినట్టు పైనుంచి విశాలంగా చుట్టి వస్తే అది స్టాల్ టర్నే కాదు, మార్కులు వేగంగా కరిగి సున్నా దాకా పోతాయి. ఈ ఆగిన క్షణంలో గాలి దాన్ని పక్కకి జరిపితే మాత్రం కోత లేదు. ఎగరని విమానం గాలిని ఎలా సర్దుకుంటుంది? నియమం రాసినవాళ్లు ఎగిరి చూసి రాశారని ఇలాంటి చోట తెలుస్తుంది. తిరిగాక తోక అటూ ఇటూ ఊగితే ఒక కోత. తర్వాత అదే నిలువులో కిందికి, మళ్లీ గీత, అర రోల్, గీత, పావు లూపు, అడ్డంగా బయటికి.

ఇదంతా పది పదిహేను సెకన్లు. జడ్జీ నోట్లో నోట్లో అనుకుంటాడు: ఎక్కేటప్పుడు ఏడెనిమిది డిగ్రీలు వాలింది, అర, గీతలు కొంచెం హెచ్చుతగ్గు, ఒకటి, తిరిగాక ఊగింది, ఒకటి. రెండున్నర పోయింది, మిగిలింది ఏడున్నర. రాసేలోపు తర్వాతి విన్యాసం మొదలైపోయింది. ఎందుకంటే 1980ల నడుమ నుంచి ఈ ఆటలో మధ్య విరామం లేదు. అంతకు ముందు నడిమి విన్యాసానికే మార్కు. బాక్స్ చివర విమానాన్ని తిప్పుకు రావడం పైలట్ ఇష్టం. ఇప్పుడు ఆ తిప్పుకు రావడం కూడా ఒక విన్యాసమే, దానికీ మార్కే. ఇలా ఒక ఫ్లైట్‌లో పదిహేడు, అంతా 8 నిమిషాల్లో ముగియాలి. జడ్జీ తల దించి కాగితం చూసిన క్షణమే ఏదో ఒకటి తప్పిపోతుంది. అందుకని చాలా చోట్ల జడ్జీ పక్కన రాసేవాళ్లని కూర్చోబెడతారు. జడ్జీ ఆకాశం చూస్తూ "ఏడున్నర" అంటాడు, వీళ్లు రాస్తారు. నిజంగా చూడలేకపోతే? ఎండ తగిలింది, తుమ్ము వచ్చింది, ఏదైనా కావచ్చు. ఊహించి ఏడు వేసెయ్యకూడదు. "చూడలేదు" అని రాయాలి. ఆ గడిని మిగతావాళ్ల సగటుతో నింపుతారు. చూడలేదని ఒప్పుకోవడానికి ఒక గడి కేటాయించిన ఆట ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు.

జడ్జీని అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది స్నాప్ రోల్. రెక్కకి గాలి పట్టు తప్పించి, అంటే స్టాల్ చేసి, విమానాన్ని ఒక్క విసురున తిప్పాలి. ముందు ముక్కు తటాలున దారి తప్పాలి, ఆ వెంటనే గిరగిరా తిరగాలి. స్టాల్ చెయ్యకుండానే గబగబా రోల్ తిప్పేస్తే మామూలు కంటికి రెండూ ఒకేలా ఉంటాయి; పైగా దొంగదే శుభ్రంగా, చక్కగా కనిపిస్తుంది. ఆ చక్కదనానికి లొంగిన జడ్జీ పది వేస్తాడు. తెలిసిన జడ్జీ ఐదుకి పైగా కోస్తాడు. స్పిన్, అంటే స్టాల్ అయి చుట్టలు తిరుగుతూ దిగే విన్యాసం విషయంలో ఇంకా కఠినం. స్టాల్ కాకుండా ఊరికే చుట్టలు తిరుగుతూ కిందికి దూకితే సున్నా. అందుకే విమానం ఎందుకు ఎగురుతుందో, ఎప్పుడు ఎగరడం మానేస్తుందో తెలియనివాడు ఈ కుర్చీలో కూర్చోకూడదు. అందం చూసే కన్ను మాత్రమే ఉంటే చాలదు.

ప్రతి విన్యాసానికీ దాని కష్టాన్ని బట్టి ఒక గుణకం ఉంటుంది, కె-ఫ్యాక్టర్ అంటారు. తేలికదానికి చిన్నది, కష్టమైనదానికి పెద్దది. జడ్జీ వేసిన మార్కుని దానితో హెచ్చిస్తారు. 2016లో రియో ఒలింపిక్స్‌లో మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ ప్రొదునోవా వాల్ట్ చేసినప్పుడు దేశమంతా కష్టానికి ఒక లెక్క, చేసిన తీరుకి ఇంకో లెక్క ఉంటాయని నేర్చుకుంది. ఆమెకి 15.066 వచ్చింది, కాంస్యం 0.150 తేడాలో జారిపోయింది. ఎఫ్3ఎలో ఒక తేడా ఉంది. కష్టాన్ని పైలట్ ఎంచుకోడు. అందరూ ముందే ప్రకటించిన అదే జాబితాని అదే వరసలో ఎగరాలి. ఫైనల్లో ముందుగా సాధన చెయ్యడానికి వీల్లేని జాబితా కూడా ఒకటి ఇస్తారు. కాబట్టి సాహసం చేసి గట్టెక్కే దారి లేదు.

లెక్క ఎలా తేలుతుందో ఒక ఉదాహరణ. మన స్టాల్ టర్న్‌కి గుణకం 4 అనుకుందాం. ఐదుగురూ ఏడున్నర, ఎనిమిది, ఏడు, ఎనిమిది, ఆరున్నర వేశారు. చిన్న పోటీల్లో అన్నిటికంటే పెద్దదాన్నీ చిన్నదాన్నీ తీసేస్తారు. ఒక ఎనిమిది, ఆ ఆరున్నర పోయాయి. మిగిలినవి కలిపితే ఇరవై రెండున్నర, నాలుగుతో హెచ్చిస్తే 90. ఇలా పదిహేడూ కూడుతారు. ఆ రౌండులో అందరికంటే ఎక్కువ వచ్చినవాడికి 1000 ఇచ్చి, మిగతావాళ్లకి ఆ దామాషాలో ఇస్తారు. దీనివల్ల ఒక రౌండులో జడ్జీలు ధారాళంగా, ఇంకో రౌండులో పిసినారిగా వేసినా రౌండ్ల మధ్య తేడా సర్దుకుంటుంది.

ప్రపంచ పోటీల్లో అంతకంటే పెద్ద యంత్రాంగం ఉంది. తరాసోవ్, బావర్, లాంగ్ అనే ముగ్గురి పేర్ల మీద ఒక గణాంక పద్ధతి. ఒక జడ్జీ అందరికీ తక్కువ వేసే అలవాటున్నవాడైతే ఫరవాలేదు, అది అందరికీ సమానమే. కానీ ఒక్క పైలట్ దగ్గర మాత్రమే అతని మార్కు మిగతా జడ్జీల మార్కులతో పొంతన లేకుండా దూరంగా పడిందంటే ఆ పద్ధతి దాన్ని పట్టుకుని పక్కన పెడుతుంది. మొహమాటం, స్వదేశాభిమానం, పేరున్నవాడంటే ఉన్న భక్తి, ఇవన్నీ ఉంటాయని ముందే ఒప్పుకుని కట్టిన లెక్క ఇది. జడ్జీలు నిష్పక్షపాతులు అని ఉపన్యాసం ఇచ్చి ఊరుకోవడం కంటే నాకిది నిజాయితీగా కనిపిస్తుంది.

పక్షపాతం అంటే లంచం ఒక్కటే అనుకోకండి. ఉదయాన మొదట ఎగిరినవాడికి జడ్జీలు చెయ్యి బిగబట్టి వేస్తారు. తర్వాత ఇంకా మంచివాడు వస్తే ఎలాగని. అందుకే లెక్కలోకి రాని ఒకటి రెండు ఫ్లైట్లు ముందు ఎగరేయించి జడ్జీల చేతిని సరిచేస్తారు. మధ్యాహ్నానికి మెడలు పట్టేస్తాయి. 60 డిగ్రీలు పైకి చూస్తూ గంటలు కూర్చోవడం తమాషా కాదు. అలసిన జడ్జీ తప్పులు చూడడం మానేసి "వీడు బాగా ఎగురుతాడు" అన్న అభిప్రాయానికి మార్కు వేస్తాడు. పక్కవాడి కాగితంలోకి తొంగిచూడ్డం, మాట్లాడుకోవడం నిషేధం. ఐదుగురూ ఒకేలా వేస్తే ఐదుగురెందుకు?

ఇప్పుడు విమానంలోనే చిన్న రికార్డర్ పెట్టి, అది పోయిన దారిని కంప్యూటర్‌లో గీయించుకుని, ఎక్కడ ఎన్ని డిగ్రీలు తప్పిందో సాధనలో చూసుకునేవాళ్లున్నారు. మరి జడ్జీలెందుకు, యంత్రమే మార్కు వేస్తే పోలేదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. రేఖాగణితం దాకా అయితే యంత్రానిదే పైచెయ్యి, అందులో నాకు సందేహం లేదు. కానీ పెద్ద బాక్స్‌లో పిచ్చుక గూడంత లూపు కొట్టినవాడికి ఎంత తగ్గించాలి, కుదుపు ఎక్కడ మొదలైందనాలి, ఇవి ఎవరో ఒకరు ముందు తేల్చి యంత్రానికి చెప్పాలి. ఆ చెప్పేవాడు జడ్జీయే కదా. ఇంకో సంగతి: ఈ ఆట జడ్జీ కూర్చున్న చోటునుంచి కనిపించేదాని కోసమే తయారైంది. బాక్స్ చివర కొట్టిన లూపు అక్కణ్ణుంచి కొంచెం నొక్కినట్టు కనిపిస్తుంది. చూపులో వచ్చే వంకర ఏదో, పైలట్ చేతిలో వచ్చిన వంకర ఏదో జడ్జీ విడదీయాలి. అది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మన వైపు పిల్లలకి దీనిలోకి దారి ఏదైనా ఉందా అంటే, ఉన్నంతలో దగ్గరిది కాలేజీ ఎన్.సి.సి. ఎయిర్ వింగ్. అందులో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. అఖిల భారత వాయు సైనిక్ శిబిరంలో దానికి పోటీ కూడా ఉంది. విమానం, రేడియో, బ్యాటరీలు, ఇవన్నీ ఖర్చుతో కూడినవి, నేనేం దాచను. కంటికి మాత్రం ఖర్చు లేదు. ఎఫ్3ఎ ఫ్లైట్ల వీడియోలు ఫోన్‌లో దొరుకుతాయి. శబ్దం ఆపేసి చూడండి. మోటారు మోత వింటే వేగం మీదికి ధ్యాస పోతుంది. మొదటిసారి మొత్తం ఫ్లైట్ జోలికి పోకండి. ఒక్క లూపు చూడండి, పదిలోంచి ఎంత పోయిందో రాయండి, పక్కనే ఎందుకో రాయండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాసి, చివర కలిపి చూసుకోండి. మార్కులు కలవలేదని తగువు పడకండి. కారణాలు కలిశాయా అన్నది చూడండి. లూపు కుదిరాక స్టాల్ టర్న్ పట్టుకోండి. స్నాప్ రోల్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.